మూసలో కరిగిన చరిత్ర

క్రీ.శ. 1786 ప్రాంతాన నెల్లూరు సమీపంలో ఒక రైతు పొలం దున్నుకుంటూ ఉండగా నాగలికి ఇటుక కట్టడం అడ్డు తగిలింది. తవ్వి చూస్తే ఒక చిన్న దేవాలయపు శిథిలం. దాని కింద చిన్న కుండ. కుండలో రోమక చక్రవర్తుల నాటి బంగారు నాణేలు. చెన్నపట్నపు మాజీ గవర్నరు అలెగ్జాండర్ డేవిడ్సన్ 1787లో రాసిన లేఖ వల్ల ఈ సంగతి లోకానికి తెలిసింది. రైతు వాటిని పాత బంగారం కింద అమ్ముకున్నాడు. చాలా నాణేలు కరిగిపోయాయి. ఆర్కాటు నవాబు కొడుకు అమీరుల్ ఉమరా పూనుకోగా ముప్పై పైచిలుకు మాత్రం దక్కాయి. ట్రాజన్, హాడ్రియన్, ఫాస్టీనాల ముఖాలు వాటిమీద ఉన్నాయి. కొన్ని టంకసాలలోంచి అప్పుడే వచ్చినట్లు మెరుస్తున్నాయట. కొన్నిటికి మాత్రం ఎవరో చిల్లులు పొడిచి మెడలోనో దండకో కట్టుకొన్న ఆనవాళ్లు ఉన్నాయట.

ఈ కథ చెప్పే చరిత్రకారులందరూ కరిగిపోయిన నాణేల దగ్గర ఒక నిట్టూర్పు విడుస్తారు. విడవవలసిందే. కాని ఆ నాణేలను కరిగించిన చేయి ఎవరిది, అది ఎక్కడ కూర్చుని కరిగించింది అని ఎవరూ అడగరు. అది ఏ రాజుగారి కర్మాగారమూ కాదు. ఇంటి వసారాలో గుప్పెడు బొగ్గులు, ఒక ఊదుగొట్టం, అరచేతిలో పట్టే మట్టి మూస, అంతే సరంజామా. ఆ మూసలో పడిన తరువాత ట్రాజన్ చక్రవర్తి అయినా ఒకటే, పక్కింటి కోడలి విరిగిన కమ్మ అయినా ఒకటే. లోహానికి జ్ఞాపకశక్తి లేదు. మట్టికుండ పగిలితే పెంకయినా మిగిలి వెయ్యేళ్ల తరువాత సాక్ష్యం చెబుతుంది. కంచుచెంబు సొట్టపోతే మళ్లీ కొలిమిలోకి పోతుంది. మన దేశంలో కుమ్మరి చరిత్ర రాయడానికి ఉన్న ఆధారం కంచరి చరిత్ర రాయడానికి లేకపోవడానికి మొదటి కారణం ఇదే. కంచరి చేతిపని విలువైనది గనకనే నిలవలేదు.

మరి మిగిలినవి ఏవి? నెల్లూరు సీమకు సంబంధించినంతవరకు మిగిలినవి ముఖ్యంగా రాగిరేకులు. బటర్‌వర్తు, వేణుగోపాలచెట్టి అనే ఇద్దరు 1905లో నెల్లూరు జిల్లా తామ్ర, శిలా శాసనాలను మూడు సంపుటాలుగా అచ్చువేయించారు. మన సాహిత్య విద్యార్థులు ఆ సంపుటాలను తెలుగు పదాల కోసమూ, ఛందస్సు కోసమూ తిరగేస్తారు. నేనూ అందుకోసమే మొదట తిరగేశాను. చాలాకాలానికిగాని ఒక చిన్న విషయం తట్టలేదు. శాసనమంటే అక్షరాలు మాత్రమే కాదు. ఎవడో కాచి, సాగగొట్టి, అంచులు చదును చేసి, బెజ్జం పెట్టి, కడియంలో గుచ్చి, కడియం కొనలు కలిసేచోట ముద్రను అమర్చిన లోహపు వస్తువు అది. ఆ రేకులు కరగకుండా ఎందుకు మిగిలాయంటే వాటిలో భూమి ఉంది. రేకు పోతే మాన్యం పోతుంది. కాబట్టి దానం పుచ్చుకొన్నవారి సంతతి వాటిని గోడల్లో దాచారు, నేలలో పాతిపెట్టారు. రాగికోసం ఎవరూ దాచలేదు.

నెల్లూరు జిల్లా వవ్వేరులో దొరికిన పల్లవ సింహవర్మ శాసనం ఈ సందర్భంలో చదవదగినది. క్రీ.శ. అయిదవ శతాబ్దం ప్రాంతానిది, సంస్కృతంలో ఉన్నది. విళవట్టి అనే గ్రామాన్ని ఒక బ్రాహ్మణునికి ఇస్తూ, ఆ ఊళ్లో తనకు రావలసిన పన్నులను కూడా రాజు ఆయనకే వదిలేశాడు. ఎవరెవరి పన్నులు? పట్టికలో మొట్టమొదట ఉన్నవాడు లోహపు పనివాడు. తరువాత తోలు పనివాడు. ఆ వెనక బట్టల అంగళ్లవారు, సాలెవారు, జూదం, పెళ్లి, మంగలి, అలా సాగిపోతుంది. పదిహేను వందల ఏళ్ల కిందటనే ఈ కోస్తా పల్లెలో కొలిమి ఉన్నదనీ, ఆ కొలిమి పన్ను కట్టదగినంతగా నడిచేదనీ ఈ ఒక్క సమాసం చెబుతున్నది. అయితే దీనిలో ఒక విడ్డూరం ఉన్నది. లోహపు పనివాడు కట్టే పన్ను ఇకమీదట ఎవరికి చెందుతుందో రాసిపెట్టడానికి రేకు కావలసివచ్చింది. ఆ రేకు చేసినవాడు కూడా లోహపు పనివాడే. తన మెడకు తాడు తానే పేనుకోవడమనే మాట మనలో ఉన్నది. దానికి ఇంతకంటే పాత ఉదాహరణ నాకు దొరకలేదు.

తూర్పు చాళుక్యులలో రెండవ అమ్మరాజు కాలానికి, అంటే పదవ శతాబ్దానికి, వచ్చేసరికి పరిస్థితి కొంచెం మెరుగు. ఆయన శాసనాలు కొన్నింటి చివర ఆజ్ఞ ఎవరిదో, కావ్యం ఎవరిదో, లిఖితం ఎవరిదో వరుసగా చెప్పారు. లిఖించినవాడు జొంతాచార్యుడు. కవి పేరు పక్కనే చేతిపనివాని పేరు! మన సాహిత్య చరిత్రలు ఆ కవుల పేర్లు పట్టుకొని పేజీలు నింపాయిగాని జొంతాచార్యునికి ఒక వాక్యం కూడా ఖర్చు పెట్టలేదు. తిక్కనగారి భారతం ఆయన చెబుతుంటే రాసినవాడు కుమ్మరి గురునాథుడని నెల్లూరులో తరతరాలుగా చెప్పుకొంటారు. ఆ సంప్రదాయాన్ని చెప్పేటప్పుడు కూడా మన ఉపాధ్యాయులం తిక్కన ఔదార్యాన్ని పొగుడుతామే తప్ప కుమ్మరి ఇంట్లో అంతటి చదువు ఎలా వచ్చిందని విచారించం.

ఇక కంచరి పని సంగతి. ఇత్తడి, కంచు, రాగి పోతపోయడంలో రెండు దారులున్నాయి. ఒకటి, రెండు పెట్టెల్లో ఇసుక దట్టించి మధ్య నమూనా పెట్టి తీసేసి, ఆ ఖాళీలో పోయడం. రెండవది మైనపు పోత. బొమ్మను ముందు మైనంతో చేస్తారు. మైనం గట్టిపడడానికి గుగ్గిలం కలుపుతారు. దానిమీద మెత్తని ఒండ్రుమట్టి, తరువాత ఊక, పేడ కలిపిన ముతకమట్టి పొరలు పొరలుగా మెత్తి ఆరబెడతారు. కాల్చితే మైనం కారిపోతుంది, లోపల బొమ్మ ఆకారంలో బోలు మిగులుతుంది. అందులో కరిగిన లోహం పోస్తారు. మట్టి పగలగొడితేగాని బొమ్మ బయటపడదు గనక ప్రతి బొమ్మకూ ఒక అచ్చు చొప్పున నాశనమవుతుంది. పన్నెండవ శతాబ్దిలో కల్యాణి చాళుక్యుడు సోమేశ్వరుడు మానసోల్లాసంలో దీనికి లెక్క చెప్పాడు: మైనాన్ని తూచి, రాగి ఇత్తళ్లయితే దానికి ఎనిమిది రెట్లు, వెండి పన్నెండు రెట్లు, బంగారం పదహారు రెట్లు తీసుకోవాలని. రాజుగారు స్వయంగా తిత్తి ఊదారని నేననుకోను. ఎవరో కంచరినో కంసాలినో అడిగి రాసి ఉంటారు. ఆ లెక్క వాళ్ల అనుభవం. గ్రంథం మాత్రం రాజుగారిది.

కాని ఈ పనిలో అసలు విద్య లెక్కలో లేదు, కంటిలో ఉన్నది. రాగి 1,085 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఇత్తడి పాలును బట్టి అంతకన్నా తక్కువలో. తుత్తునాగం 907 డిగ్రీలకే మరిగి ఆవిరై తెల్లని పొగగా లేచిపోతుంది. డిగ్రీలు తెలియని కంచరి ఆ పొగ చూసే మంట తగ్గిస్తాడు. తగ్గించకపోతే ఇత్తడిలో పసుపు తరిగి ఎరుపు మిగులుతుంది, పైగా ఆ రాత్రి చలిజ్వరం వస్తుంది. అచ్చులో తడి ఉన్నదా లేదా అన్నది అన్నిటికంటె పెద్ద పరీక్ష. చెమ్మ మిగిలిన అచ్చులో లోహం పడితే ఆ నీరు లిప్తలో ఆవిరై పదిహేడు వందల రెట్లు పొంగి లోహాన్ని ముఖాన చిమ్ముతుంది. వేమన కంచునూ కనకాన్నీ పోల్చిన పద్యం మనం పిల్లలకు చెబుతాం, కంచును అల్పునిగా తీసిపారేస్తాం. కంచరిని అడిగితే ఒప్పుకోడు. కంచు మోగడం దాని అవగుణం కాదు, రాగిలో ఇరవై పాళ్ల దాకా తగరం సరిగ్గా కలిసిందనడానికి నిదర్శనం. మోగని గంట ఎవరికి కావాలి?

పాత తెలుగులో ఈ పోత అచ్చుకు ‘కరువు’ అని పేరు. కరువున పోసినట్లున్నదని కావ్యాల్లో వర్ణిస్తారు. అన్నం దొరకని కాలానికీ కరువే పేరు. రెండు మాటలకూ సంబంధం లేదని నిఘంటుకారులు అంటారు, నిజమే కావచ్చు. కంచరి ఇంట్లో మాత్రం రెండూ ముఖాముఖి కలుసుకొన్నాయి. 1876–78 నాటి ధాతకరువు నెల్లూరు జిల్లాను కూడా వదలలేదు. అటువంటి ఏళ్లలో మొదట నగలు, తరువాత పశువులు, ఆ తరువాత వంటింటి రాగి ఇత్తడి సామాను అమ్ముడుపోతాయి. బిందె ధర లోహపు తూకం ధరకు పడిపోయినపుడు కొత్త బిందె చేయించేవాడు ఉండడు. పాత బిందెలు మాత్రం గుట్టలుగా వస్తాయి. కంచరి ఇంట్లో లోహం నిండా ఉన్నది, గింజలు లేవు.

కరువు దాటి బతికిన కొలిమిని వేరొకటి చంపింది. 1898లో చెన్నపట్నం ఆర్ట్స్ స్కూలులో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అల్యూమినియం పాత్రలు చేయించడం మొదలుపెట్టాడు. 1903లో ఆ శాఖను ఒక కంపెనీకి అప్పగించారు. తేలిక, చౌక, కళాయి అక్కరలేదు. తల్లులకు మోత తగ్గింది, దాన్ని నేను తప్పుపట్టను. బావినుంచి ఇత్తడి బిందె మోసే శ్రమ మగవాళ్లకేం తెలుసు! ఆ వెనక స్టీలు వచ్చింది. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది గనక ఇంటి కొలిమికి లొంగుతుంది, స్టీలు లొంగదు. అది తయారయ్యే చోటు వేరు, దాని యజమాని వేరు. మా నాయనమ్మ కంచుగ్లాసు నా కళ్లముందే పాతసామాన్ల వాని తక్కెడలో పడి రెండు స్టీలు గిన్నెలయింది. అడుగున గీసిన ఆమె పుట్టింటి పేరు చదివే తీరిక ఆ వ్యాపారికి లేదు, నాకూ ఆ వయసున లేకపోయింది.

ఇంటి పోతపని ఈ తీరంలో పూర్తిగా అంతరించిందని చెప్పలేం. సముద్రపు ఒడ్డున పట్టపువారి వాడల్లో వలకు కట్టే సీసపు గుండ్లను ఇంటి దగ్గర పోసుకోవడం ఉన్నది. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది, వంటపొయ్యి చాలు. ప్రమాదమూ అక్కడే ఉన్నది. పాత బ్యాటరీల్లోంచి తీసిన సీసమైతే దాని మడ్డి, బూడిద, దుమ్ము పసిపిల్లల నోట పడతాయి. ఆ విషం మెదడుకు తగులుతుంది, ఎంత కొంచెమైనా క్షేమం కాదని వైద్యశాస్త్రం చెబుతున్నది. అన్నం వండిన పొయ్యి మీదనే గుండ్లు కాచడం మానుకోవాలని ఆ వాడల్లో చెప్పేవారు కావాలి. బోధన మాత్రమే చాలదు. వేరే చోట పొయ్యి వేసుకోవడానికి జాగా ఉండాలి, సిద్ధమైన గుండ్లు కొనడానికి డబ్బుండాలి.

ఇంకొక పక్క, మా కాలేజీ విద్యార్థి ఒకడు, వరి పండించే ఇంటి కుర్రాడు, పెరట్లో పాత బకెట్టుకు మట్టి మెత్తి కొలిమి చేశాడు. పాత పంకా మోటారుతో గాలి కొడతాడు. మోటారు సైకిళ్ల విరిగిన పిస్టన్లు కరిగించి చిన్న చక్రాలు పోస్తాడు. అమ్మడు, సరదా అంటాడు. ఇంగ్లండులో ఇటువంటి సరదా వర్క్‌షాపుల వారికి 1898 నుంచే ‘మోడల్ ఇంజనీర్’ అనే పత్రిక ఉన్నది. అక్కడ గుమస్తా సాయంత్రం కొలిమి వెలిగిస్తే వినోదం. ఇక్కడ కొలిమి కులంతో పుట్టింది. ఆ కులంలో పుట్టనివాడు తాకలేదు, పుట్టినవాడు వదల్లేదు. అందుచేత ఈ కుర్రాని సరదా నాకు చిన్న విషయంగా తోచలేదు. అయితే తండ్రి పక్కన పదేళ్లు కూర్చుంటే తప్ప పట్టుబడని విద్యను వీడు సెల్‌ఫోనులో చూసి చేస్తున్నాడని భయమూ వేసింది. పట్టణంలో పని మానేసిన ఒక ముసలి కంచరిని బతిమాలి, పోత పోసే రోజున తీసుకొని వెళ్లాను.

ఆయన కొలిమి చుట్టూ ఒకసారి తిరిగి, “దీన్ని ఎవరికి అమ్ముతావు అబ్బయ్యా?” అన్నాడు.

“అమ్మను తాతా. హాబీ.”

“అంటే ఏంది?”

కుర్రాడు చెప్పాడు. ముసలాయన కాసేపు ఊరుకొని, “మా నాయన గూడా పోస్తుండె,” అన్నాడు. “బిందెలు, గంటలు అయిపొయ్యినాక మూసలో అడుగున ఇంతో అంతో మిగల్ద్దా, దాంతో మాకు ఎద్దుబొమ్మలు పోసిస్తుండె. ఎవరూ అడగలా, దుడ్లూ లేవు.”

“అవి ఉన్నాయా తాతా?” అని నేనే ఆత్రంగా అడిగాను.

“యాడుంటాయి అయ్యోరా? ఇత్తడి గదా. గడవనప్పుడు మళ్లా మూసలోకే.”

అని వంగి, కుర్రాడు దట్టించిన అచ్చులోంచి చిటికెడు ఇసుక తీసి పిడికిట బిగించి విప్పాడు. అరచేతి గీతల్లో చెమ్మ మెరిసింది. ఈరోజు పొయ్యొద్దనీ, రెండు దినాలు ఎండబెట్టమనీ చెప్పి, నీడకు పోయి కూర్చున్నాడు.