పాషాణానికి ఇనుము విరుగుడు

విషములలో శంఖపాషాణానిది ఒక ప్రత్యేక స్థానం. నీటిలో కరిగితే దానికి రంగు లేదు, వాసన లేదు, చెప్పుకోదగ్గ రుచి లేదు. దానిలోని మూలకమే ఆర్సెనిక్. నీటిలో దానిని పసిగట్టే పరీక్షకు న్యాయస్థానమూ, తొలగించే పదార్థానికి విరుగుడు కోసం జరిగిన అన్వేషణా పుట్టినిళ్లు.

1832లో ఇంగ్లండులో తాతకు కాఫీలో విషమిచ్చాడన్న అభియోగంపై ఒక యువకుణ్ణి విచారించారు. రసాయనజ్ఞుడు జేమ్స్ మార్ష్ పరీక్షలో పసుపుపచ్చని అవక్షేపం లభించింది. కాని జ్యూరీ ఎదుటికి వచ్చేసరికి అది చెడిపోయింది, నిందితుడు విడుదలయ్యాడు. ఆ పరాభవమే మార్ష్‌ను కొత్త పద్ధతి వైపు నడిపించింది. అనుమానిత పదార్థానికి జింకు, ఆమ్లం చేర్చి, వెలువడిన వాయువును వేడిచేస్తే గాజుపై నల్లని అద్దం వంటి పూత ఏర్పడుతుందని 1836లో ఆయన ప్రకటించాడు. తరువాత గుట్‌జైట్ అదే వాయువును రసాయనం పూసిన కాగితంపై పట్టాడు. నేడు పల్లెలలో వాడే పరీక్ష పెట్టెలలో పసుపు నుండి గోధుమ రంగుకు మారే కాగితం దాని వారసత్వమే.

ఇక విరుగుడు మాట. 1834లో జర్మనీలో బున్సెన్, బెర్తోల్డ్ అనే పండితులు అప్పటికప్పుడు తయారుచేసిన ఐరన్ హైడ్రాక్సైడ్ ఆర్సెనిక్‌ను తనకు అంటించుకొని, కరగకుండా కట్టివేస్తుందని నిరూపించారు. విషం మింగినవారికి అది ఔషధమయింది.

ఈ రెండింటి విలువ బెంగాల్ ప్రాంతంలో తెలిసివచ్చింది. అతిసారం నుండి పసిపిల్లలను కాపాడాలని 1970ల నుండి బంగ్లాదేశ్‌లో యునిసెఫ్ సాయంతో గొట్టపు బావులు విస్తరించాయి. ఉద్దేశం ఉత్తమమే, కాని ఆర్సెనిక్ ఉన్నదేమో చూడాలన్న ఆలోచన నాడు ఎవరికీ కలగలేదు. మట్టిలోని ఇనుప ఆక్సైడులకు అంటుకొని ఉండే ఆర్సెనిక్, ప్రాణవాయువు అందని లోతులలో ఆ ఇనుము కరిగినపుడు నీటిలోకి విడుదలవుతుంది. 1983లో కలకత్తాలో చర్మవైద్యుడు కె.సి. సాహా రోగుల చర్మంపై మచ్చలను, గట్టిపడిన అరచేతులను చూసి, వాటి మూలం తాగునీటిలో ఉన్నదని గుర్తించారు. 1993లో బంగ్లాదేశ్ బావులలోనూ ఈ విషం బయటపడింది. అటుపై సుమారు 50 లక్షల బావులను పరీక్షించి, ప్రమాదకరమైన వాటికి ఎరుపు, తక్కినవాటికి ఆకుపచ్చ రంగు పూశారు.

అయితే ఎర్రరంగు పూసినంత మాత్రాన దాహం తీరదు కదా! కుష్టియాలో పుట్టి, అమెరికాలో ఆచార్యుడైన అబుల్ హుస్సామ్ ఇనుము ప్రధానంగా, ఇసుక, బొగ్గు తోడుగా ‘సోనో’ వడపోత సాధనాన్ని రూపొందించి, 2007లో పది లక్షల డాలర్ల బహుమతి పొందారు. అందులో అధికభాగాన్ని వడపోత సాధనాల పంపిణీకే వినియోగించారు. మన దేశంలో మద్రాసు ఐఐటీ ఆచార్యుడు ప్రదీప్ బృందం కైటోసాన్‌తో కూర్చిన అతిసూక్ష్మ ఇనుప పదార్థంతో ‘అమృత్’ను తయారుచేసింది. నాడు కడుపులో పనిచేసిన సూత్రమే నేడు కుండలో పనిచేస్తున్నది.

వైద్యునిగా నా మనవి ఒక్కటే. మరిగిస్తే క్రిములు చస్తాయి గాని ఆర్సెనిక్ పోదు. నీరు ఆవిరైనకొద్దీ దాని సాంద్రత పెరుగుతుంది కూడా. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 10 మైక్రోగ్రాములు. అంత స్వల్పమైన దానిని కన్ను గాని నాలుక గాని కనిపెట్టలేదు. తేటగా ఉన్నంత మాత్రాన నీరు మంచిదని నమ్మరాదు. పరీక్షించిన పిదపనే నమ్మాలి.