మలీద ముద్ద చెప్పే చరిత్ర

చరిత్ర అనగానే మనకు రాజులు, యుద్ధాలు, కోటలు గుర్తుకు వస్తాయి. వంటిల్లు గుర్తుకు రాదు. అయితే శాసనాలు చెప్పని రాకపోకలను ఒక్కోసారి వంటకం పేరు చెబుతుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెల్లో నేటికీ వాడుకలో ఉన్న ‘మలీద’ అనే మాట అటువంటిది.

దీని తయారీ మన పాఠకులలో చాలామందికి తెలిసిందే. రొట్టెను వేడి తగ్గకముందే తుంచి, బెల్లం చేర్చి, చేత్తో బాగా నలిపి, కలిగినవారు ఇంత నెయ్యి వేసి ముద్దలు కడతారు. కొన్ని ఇళ్లలో సజ్జరొట్టె, కొన్ని ఇళ్లలో జొన్న లేక గోధుమ రొట్టె. పీర్ల పండుగనాడు పంచేదీ మలీదే. సద్దుల బతుకమ్మనాడు చెరువుగట్టున హిందూ స్త్రీలు ఒకరికొకరు ఇచ్చుకునేదీ మలీదే. పీర్ల పండుగ ఆచారాలపై ఉలమాలు వెలిబుచ్చిన అభిప్రాయాలు ఈ వ్యాసంలో చర్చనీయాంశం కావు. రెండు సమాజాల ఇళ్లలోనూ ఈ ముద్దకు ఒకే పేరు ఎలా వచ్చిందన్నదే ఇక్కడి ప్రశ్న.

అనువాదం నా వృత్తి కనుక ముందు మాటనే పట్టుకుంటాను. ఫార్సీలో ‘మాలీదన్’ అంటే రుద్దడం, నలపడం. ‘మాలీదా’ అంటే నలిపినది. అఫ్ఘానిస్తాన్‌లో ఈ పేరుగల తీపి వంటకం నేటికీ పెళ్లిళ్లలో ఉంటుంది. కొంకణ తీరపు ‘బెనె ఇస్రాయెల్’ యూదులు హజ్రత్ ఇల్యాస్ (అ) పేరున మలీద చేస్తారు. వారి మలీదలో రొట్టె లేదు. అటుకులు, కొబ్బరి, చక్కెర, పండ్లు ఉంటాయి. వస్తువు మారినా పేరు నిలిచింది. దక్కనులో బహమనీల నుండి అసఫ్‌జాహీల వరకు ఫార్సీ రాజభాషగా చలామణి అయింది. ఆ భాష దర్బారులోనే ఆగిపోలేదనీ, చెలక భూముల రైతు ఇంటిదాకా నడిచి వచ్చిందనీ ఈ ఒక్క మాట రుజువు చేస్తుంది.

సరే, పేరు పరాయిది, ధాన్యం మాత్రం మనదే కదా అనవచ్చు. అదీ పూర్తిగా నిజం కాదు. జొన్నను మొదట సాగుచేసినది సుమారు 5,000 ఏళ్ల క్రితం తూర్పు సూడాన్ ప్రాంతంలో. సజ్జ పశ్చిమ ఆఫ్రికాలోని సహెల్‌లో పుట్టింది. రెండూ సుమారు 4,000 ఏళ్ల క్రితమే భారతదేశం చేరాయి. రొట్టెలో నంజుకునే కారానికి మూలమైన మిరప 16వ శతాబ్దంలో పోర్చుగీసు ఓడలతో అమెరికా ఖండం నుండి వచ్చింది. చింతపండును అరబ్బులు ‘తమ్ర్ హిందీ’, అంటే హిందూదేశపు ఖర్జూరం అన్నారు. ఆ చెట్టు పుట్టిల్లు కూడా ఆఫ్రికాయే.

ఇక విదేశీ వంటకంగా మనం గొప్పగా చెప్పుకునే హలీం సంగతి చూద్దాం. గోధుమలు, మాంసం కలిపి మెత్తగా దంచే ‘హరీసా’ 10వ శతాబ్దపు బాగ్దాదు పాకశాస్త్ర గ్రంథంలోనే కనిపిస్తుంది. అరబ్బీలో ‘హరస’ అంటే దంచడం. నిజాం సైన్యంలో చేరిన హద్రమౌత్ అరబ్బులు దానిని హైదరాబాదుకు తెచ్చారు; వారి బ్యారక్స్ ఉన్న చోటే నేటి బార్కస్. 2010లో హైదరాబాదీ హలీం భౌగోళిక గుర్తింపు పొందింది. హరీసా, మలీద రెండు పేర్లూ చేతి పనినుండి పుట్టినవే: ఒకటి దంచినది, ఒకటి నలిపినది. అయినా ఒకటి విందు భోజనమైంది, మరొకటి పల్లెటూరి తిండిగా మిగిలింది.

ఈ చిన్నచూపు కొత్తది కాదు. 1352లో సహారా దాటి వలాతా చేరిన ఇబ్న్ బతూతాకు అక్కడివారు దంచిన చిరుధాన్యంలో తేనె, పాలు కలిపి సొరబుర్రలో పోసి ఇచ్చారు. ఇదేనా ఆతిథ్యమని ఆయన చులకన చేశాడు. మన అంబలిని చూసి పట్నవాసులు ముఖం చిట్లించడమూ ఇటువంటిదే.

మన జిల్లాలలో జొన్న వెనుకబడటానికి కారణాలు వేరు. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలాక మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు వరి విస్తరించింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం పేదల ఇళ్లకు అన్నం చేర్చింది. ఆకలి తీర్చిన ఆ మేలును ఎవరూ కాదనలేరు. కాని దానితోపాటు జొన్నరొట్టె తినడం పేదరికానికి గుర్తు అనే భావన కూడా బలపడింది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా పాటించింది; నేడు వైద్యుల సలహాతో అదే రొట్టె పట్నంలో ఖరీదుకు అమ్ముడవుతోంది.

దైవప్రవక్త (స) ఏ ఆహారాన్నీ ఎన్నడూ తప్పు పట్టలేదనీ, ఇష్టమైతే తినేవారనీ, లేకుంటే వదిలేసేవారనీ హజ్రత్ అబూ హురైరా (ర) ఉల్లేఖించారు. ఈ మర్యాద చరిత్ర చదివేవారికీ అవసరమే. ఇది మనది, అది వారిది, ఇది గొప్పవారి తిండి, అది బీదల తిండి అని గీతలు గీసేముందు మలీద ముద్దను ఒకసారి పరిశీలించాలి. అందులోని ధాన్యం ఆఫ్రికాది, పేరు ఇరాన్‌ది, నలిపిన చేతులు మాత్రం పాలమూరు, నల్లగొండ తల్లులవి. రొట్టె పెనం మీద ఉండగానే ముద్ద కోసం చేరిన పిల్లలకు ఈ సంగతి కూడా చెప్పగలిగితే మంచిది.