బచ్చేదానీ జారడం: 3500 ఏళ్ల బీమారీ, నేటికీ తీరని షర్మ్

షుగరొచ్చిందంటే మన నానీలు, దాదీలు మొహల్లా అంతా చెప్తారు. మోకాళ్ల దర్ద్ సంగతి దావత్‌లో కూడా మాట్లాడుకుంటారు. బచ్చేదానీ కిందికి జారితే మాత్రం కన్న బేటీకి కూడా చెప్పరు. ముసలితనం కదా, సబర్ చేయాలి అనుకుంటారు. తమ ఒక్కరికే వచ్చిన కష్టమనుకుంటారు. తారీఖ్ తిరగేస్తే తెలుస్తుంది, ఇది ఎంత పాత బీమారీయో!

మిస్ర్‌లో క్రీ.పూ. 1550 ప్రాంతంలో రాసిన ఎబెర్స్ పపైరస్‌లోనే జారిన రహెంకి మందులున్నాయి. యూనానీ హకీంలు దానిమ్మకాయను సగానికి కోసి, జారకుండా లోపల ఆన్చేవారు. కొందరైతే పాపం, ఔరత్‌ని నిచ్చెనకు తలకిందులుగా కట్టేవారు! క్రీ.శ. 2వ శతాబ్దంలో రోమ్‌లో వైద్యం చేసిన సొరానస్ ఈ నిచ్చెన పద్ధతి తప్పన్నాడు.

తర్వాత ఈ ఇల్మ్ అరబ్బీ కితాబుల్లోకి వచ్చింది. ఇబ్నె సీనా (980–1037) తన 'అల్ ఖానూన్'లో రహెం బీమారీల మధ్య దీని గురించీ రాశారు. ఉందులుస్‌లో జర్రాహీకి ఉస్తాద్ అయిన అల్ జహ్రావీ (936–1013) 30 భాగాల 'అత్తస్రీఫ్' రాశారు. ఆడవాళ్ల మసానాలో రాయి తీసే చోట ఆయన ఒక సంగతి చెప్తారు. మగ తబీబ్ ముందు ఔరత్ హయాతో వెనకాడుతుంది కాబట్టి పని తెలిసిన దాయీని పిలవాలి, తబీబ్ చెప్తుంటే ఆమె చేయాలి అని. రాసింది రాయి గురించే అయినా సబఖ్ మాత్రం మనకే. హయా ఉందని వాళ్లు ఇలాజ్ ఆపలేదు, రెండూ నిలిచే రాస్తా వెతికారు. లేడీ డాక్టర్లున్న ఈ జమానాలో మనం హయా పేరు చెప్పి ఇలాజే మానేస్తున్నాం.

అసలు జరిగేదేమిటి? గర్భసంచిని, మూత్రసంచిని, పేగు చివరి భాగాన్ని కింద నుంచి పట్టి ఉంచే కండరాలు వదులవుతాయి. కాన్పులు, నెలసరి ఆగిపోవడం, ఏళ్లతరబడి దగ్గు, మలబద్ధకం, బరువులు మోయడం – ఇవీ కారణాలు. ఇందులో ఎవరి గుణా లేదు.

ఇంకో ఖౌఫ్ ఉంది. 'పోతే సంచి తీసేస్తారు' అని. అది ఉత్త వహమ్ కాదు. గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మన రెండు తెలుగు రాష్ట్రాలూ ఉన్నాయని 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూపించింది. కానీ ఆపరేషన్ ఒక్కటే దారి కాదు. ఆనాటి దానిమ్మకాయ ఇవాళ పెసరీ అనే మెత్తటి సిలికాన్ రింగయింది. డాక్టర్ సైజు చూసి పెడతారు, అప్పుడప్పుడూ తీసి కడగాలి. 1948లో అమెరికా డాక్టర్ ఆర్నాల్డ్ కెగెల్ కింది కండరాల కస్రత్ గురించి రాశారు. మూత్రం ఆపుకునేటప్పుడు బిగుసుకునే కండరాలను రోజూ బిగించి వదలడమే అది. జారడం కొద్దిగా ఉన్నప్పుడు బాగా పనికొస్తుంది. ఆపరేషనే కావాల్సి వస్తే ఏ రకం, ఎందుకు అని అడగండి. అడిగే హక్ మీకుంది. యోని దారిలో అమర్చే మెష్‌ను జారుడు కోసం అమ్మొద్దని అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2019లో కంపెనీలకు హుకుం ఇచ్చింది.

నెలసరి ఆగాక రక్తం కనబడినా, మూత్రం రాకుండా ఆగినా, బయటికొచ్చిన భాగం పుండుపడినా దేర్ చేయొద్దు. నిలబడి నమాజ్ చదవలేకపోతే కూర్చొని చదివే రుఖ్సత్ దీన్‌లో ఉండనే ఉంది. బీమార్ మనిషికి అంత రిఆయత్ ఉన్నప్పుడు ఇంట్లో మనమెందుకు ఇవ్వం?

అమ్మీ కింద కూర్చోవడం మానేసినా, దావత్‌లకు రానంటున్నా, మాటిమాటికీ గుసల్‌ఖానాకు వెళ్తున్నా బేటీలూ, బహూలూ ఒకసారి తలుపేసుకుని మెల్లగా అడగండి. ఆమె తనంతట తాను చెప్పదు.