విద్యుద్రహిత నికెల్ పూత చరిత్ర: హైపోఫాస్ఫైట్ నుంచి బోరోహైడ్రైడ్ వరకు

వ్యాససంగ్రహం:
విద్యుత్ ప్రవాహం లేకుండా లోహంపై నికెల్ పూత పూసే పద్ధతిని యాదృచ్ఛిక ఆవిష్కరణగా పేర్కొనడం పరిపాటి. ఈ చరిత్రను నడిపించింది క్షయకరణుల ఎంపికేనని, నికెల్-బోరాన్ పూత గుణదోషాలు రెండూ ఆ ఎంపిక నుంచే పుట్టాయని ప్రతిపాదించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: విద్యుద్రహిత పూత, క్షయకరణి, హైపోఫాస్ఫైట్, బోరోహైడ్రైడ్, కాఠిన్యం.

1. ఉపోద్ఘాతం:
ఎలక్ట్రోప్లేటింగ్‌లో నికెల్ అయాన్లకు ఎలక్ట్రాన్లను అందించేది విద్యుత్ ప్రవాహం. అది వస్తువు అంచుల వద్ద ఎక్కువగా, లోతైన భాగాల్లో తక్కువగా ఉంటుంది. అందుచేత పూత మందం కూడా సమంగా ఉండదు. విద్యుద్రహిత పద్ధతిలో ద్రావణంలోని క్షయకరణి ఆ ఎలక్ట్రాన్లను ఇస్తుంది. ఉపరితలంపై చేరిన నికెలే తరువాతి చర్యకు ఉత్ప్రేరకమవుతుంది. కాబట్టి ద్రావణం తాకిన ప్రతిచోటా పూత దాదాపు సమమందంతో పెరుగుతుంది. 'ఎలక్ట్రోలెస్' అన్న పేరు ఈ పద్ధతిలో లేనిదాన్ని మాత్రమే సూచిస్తుంది. ఉన్నదేమిటో తెలియాలంటే క్షయకరణి చరిత్రను పరిశీలించాలి.

2. హైపోఫాస్ఫైట్ దశ:
1844లో ఫ్రెంచి రసాయనవేత్త అడాల్ఫ్ వూర్ట్జ్, హైపోఫాస్ఫైట్ వల్ల నికెల్ లవణం లోహంగా మారుతుందని గమనించారు. అయితే ఆయనకు లభించింది పొడి మాత్రమే. 1916లో రూ పొందిన పేటెంటు కూడా పరిశ్రమలో నిలదొక్కుకోలేదు. చర్యను ఉపరితలానికే పరిమితం చేయడం అప్పటికి సాధ్యపడలేదు.

1940వ దశకంలో అమెరికాలోని నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో అబ్నర్ బ్రెన్నర్, గ్రేస్ రిడెల్ గొట్టాల లోపలివైపు నికెల్-టంగ్‌స్టన్ పూత కోసం ప్రయోగాలు చేశారు. ద్రావణంలోని సిట్రేట్ ఆక్సీకరణాన్ని నివారించడానికి వారు హైపోఫాస్ఫైట్ కలిపారు. ఫారడే నియమం ప్రకారం రావలసినదానికంటే ఎక్కువ లోహం చేరింది. గొట్టం వెలుపల కూడా పూత ఏర్పడింది. ఈ అదనపు లోహాన్ని కొలతలోని లోపంగా కొట్టివేయకుండా, విద్యుత్తు లేకుండానే చర్య జరుగుతోందని వారు నిర్ధారించారు. 1946లో ఫలితాలు ప్రచురితమయ్యాయి. 1950లో పేటెంట్లు లభించాయి. ఇందులో యాదృచ్ఛికమైనది తొలి పరిశీలన మాత్రమే. దానికి కారణాన్ని అన్వేషించడం, చర్యను నియంత్రణలోకి తేవడం పరిశోధకుల కృషి.

3. బోరోహైడ్రైడ్ ప్రవేశం:
క్షయకరణి తన మూలకంలో కొంత భాగాన్ని పూతలో వదులుతుంది. హైపోఫాస్ఫైట్ వాడితే ఏర్పడేది నికెల్-ఫాస్ఫరస్ మిశ్రమలోహం. బోరాన్ పూతకు మూలమైన సోడియం బోరోహైడ్రైడ్ మరో రంగం నుంచి వచ్చింది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో షికాగో విశ్వవిద్యాలయంలో ష్లెసింగర్, హెర్బర్ట్ బ్రౌన్ బృందం బాష్పశీల యురేనియం సమ్మేళనాల కోసం సాగించిన అన్వేషణలో అది రూపొందింది. యుద్ధకాలపు గోప్యత వల్ల ఈ పరిశోధన 1953లో గానీ ప్రచురితం కాలేదు. హైపోఫాస్ఫైట్ అయాను 2 ఎలక్ట్రాన్లను ఇస్తే, బోరోహైడ్రైడ్ అయాను సిద్ధాంతరీత్యా 8 ఇవ్వగలదు. పూత పరిశోధకులను ఆకర్షించిన గుణమిదే.

4. గుణదోషాలు:
నికెల్-బోరాన్ పూత కాఠిన్యం పూసిన స్థితిలోనే సుమారు 700 విక్కర్స్ ఉంటుంది. 350-400 డిగ్రీల సెల్సియస్ వద్ద వేడిచేస్తే నికెల్ బోరైడ్ స్ఫటికాలు ఏర్పడి, అది 1200 వరకు చేరగలదు. కాలీఫ్లవర్‌ను పోలిన ఉపరితలం, అరుగుదలను తట్టుకునే శక్తి దీని ప్రత్యేకతలు. అయితే తుప్పును నిరోధించడంలో ఫాస్ఫరస్ అధికంగా ఉన్న పూతలే సాధారణంగా మెరుగైనవి.

అసలు చిక్కు ద్రావణంలో ఉంది. ఆమ్లంలో బోరోహైడ్రైడ్ వేగంగా జలవిశ్లేషణ చెందుతుంది. కాబట్టి ద్రావణాన్ని తీవ్ర క్షారస్థితిలో, సుమారు 90 డిగ్రీల వద్ద నడపాలి. క్షారానికి కరిగే అల్యూమినియం వంటి లోహాలకు ఇది నేరుగా తగదు. ద్రావణం విచ్ఛిన్నం కాకుండా సీసం, థాలియం లవణాలను కలిపేవారు. ఇవి విషపదార్థాలు. డైమిథైలమైన్ బోరేన్ తటస్థస్థితికి దగ్గరలో, తక్కువ ఉష్ణోగ్రతలో పనిచేస్తుంది. అయితే దానితో పూతలో చేరే బోరాన్ సాధారణంగా తక్కువ.

5. ముగింపు:
పూతకు కాఠిన్యాన్నిచ్చిన క్షయకరణే తీవ్ర క్షారాన్ని, విషపూరిత లవణాలను వెంట తెచ్చింది. కాఠిన్యపు అంకెలను మాత్రమే నమోదు చేసే చరిత్రలో పూతతొట్టి పక్కన నిలబడి పనిచేసే కార్మికుడికి చోటుండదు. క్షయకరణిని కేంద్రంగా చేసుకుంటే సాధించిన గుణమూ, దానికి చెల్లించిన మూల్యమూ ఒకే కథలో భాగమవుతాయి. సీసం, థాలియం లేని ద్రావణాల కోసం సాగుతున్న పరిశోధనను ఆ కథకు కొనసాగింపుగానే చూడాలి.