వెయ్యేండ్ల పాలనపై సందేహాలు

క్రీస్తు రెండవ రాకడ తర్వాత ఈ భూమే పరదైసవుతుందని, పరిశుద్ధులు ఆయనతో కలిసి ఇక్కడే వెయ్యేండ్లు ఏలుతారని చెప్పే నమ్మకానికి ముఖ్య ఆధారం ప్రకటన గ్రంథం 20వ అధ్యాయం. ఆ నమ్మకంపై సందేహమూ దాదాపు అంత పాతదే. అది సంఘం లోపలే పుట్టింది.

2వ శతాబ్ది తొలినాళ్లలో, ఆసియా మైనరులోని హియెరాపొలి బిషప్పు పాపియాస్ రాబోయే రాజ్యాన్ని ద్రాక్షల పంటతో వర్ణించాడు. ఒక్కో తీగకు పదివేల కొమ్మలు, ఒక్కో గుత్తికి పదివేల పండ్లు, ఒక్కో పండుకు 25 కొలతల ద్రాక్షారసం. హింసల మధ్య బతికిన విశ్వాసులకు ఆ మాట ఎంత ఊరటో ఊహించవచ్చు. అదే శతాబ్దిలో బిషప్పు ఇరేనియస్ దాన్ని అక్షరాలా నమ్మాడు. క్రైస్తవ రచయిత జస్టిన్ కూడా భూరాజ్యం వస్తుందనే నమ్మాడు. అయితే నిజమైన క్రైస్తవుల్లోనే చాలామంది దాన్ని ఒప్పుకోరని దాచకుండా రాశాడు.

3వ శతాబ్దిలో అలెగ్జాండ్రియా పండితుడు ఒరిగెన్, పునరుత్థానం తర్వాతా తిండి, పెళ్లిళ్లే ఆశించడాన్ని తప్పుబట్టి, వాగ్దానాలను ఆత్మీయార్థంలో చదవాలన్నాడు. ఇలాంటి వ్యాఖ్యానాలను ఖండిస్తూ ఈజిప్టులో నెపోస్ అనే బిషప్పు పుస్తకం రాశాడు. ఆయన పోయాక దాని మూలంగా అర్సినోయె ప్రాంతపు సంఘాలు చీలిపోయాయి. అప్పుడు అలెగ్జాండ్రియా బిషప్పు దియొనీసియస్ స్వయంగా అక్కడికి వెళ్లాడు. పల్లెల పెద్దలను, బోధకులను పిలిచి, అందరి ఎదుట మూడు రోజులు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ పుస్తకంపై చర్చ నడిపాడు. నెపోస్ విశ్వాసాన్నీ, ఆయన కట్టిన కీర్తనలనూ మెచ్చుకుంటూనే వాదనను కాదన్నాడు. చివరికి అవతలి పక్షం నాయకుడు కొరాకియోన్ ఆ బోధను విడిచిపెట్టాడు. మత వివాదం ఇంత మర్యాదగా ముగియడం చరిత్రలో అరుదు. ఆ తర్వాత దియొనీసియస్ వాగ్దానాలపై రెండు భాగాల గ్రంథం రాశాడు. భాషను, శైలిని పోల్చి చూసి, సువార్త రాసిన యోహానూ ప్రకటన గ్రంథకర్తా ఒకరు కారన్నాడు.

ఉత్తర ఆఫ్రికా బిషప్పు అగస్టీన్ కూడా ఒకప్పుడు ఈ ఆశను నమ్మినవాడే. 5వ శతాబ్దిలో ‘దైవనగరం’ 20వ భాగంలో ఆ వెయ్యేండ్లను సంఘం సాగుతున్న కాలంగా వివరించాడు. పశ్చిమ సంఘంలో శతాబ్దాల పాటు ఆ వివరణే నిలిచింది. 1530లో లూథరన్ల ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన కూడా, పునరుత్థానానికి ముందే నీతిమంతులు లోకాన్ని ఏలుతారన్న బోధను ఖండించింది.

19వ శతాబ్దిలో రాకడకు తేదీలు పెట్టడంతో సందేహం మరో దారి పట్టింది. అమెరికాలో విలియం మిల్లర్ అనుచరులు 1844 అక్టోబర్ 22న క్రీస్తు వస్తాడని ఎదురుచూశారు. కొందరు పొలాల్లో పంట కూడా కోయలేదు. యెహోవాసాక్షుల పూర్వపు నాయకత్వం 1925లో అబ్రాహాము వంటి పితరులు భూమిపై తిరిగి లేస్తారని ప్రకటించింది. ఆ తర్వాత 1975 మీద ఆశలు పెరిగాయి. అవీ నెరవేరక, 1977, 1978లలో వారి ప్రచారకుల సంఖ్య తగ్గింది. వారి పరిపాలక సభ సభ్యుడు రేమండ్ ఫ్రాంజ్ 1980లో వైదొలగి, 1983లో ఆ సంస్థ లోపలి నిర్ణయాలపై పుస్తకం ప్రచురించాడు.

తేదీ తప్పినంత మాత్రాన వాగ్దానం అబద్ధమని తేలదు. అది నిజంగా ఏ భూమి గురించి, ఎవరికి ఇచ్చిన మాట అన్న అర్సినోయె ప్రశ్న దీనికన్నా లోతైనది.