కంపెనీలు ఆపేసినా ఆగని ఆట: మూన్‌లైట్, సన్‌షైన్‌ల కథ

ఈరోజు ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. హైదరాబాద్‌ రూమ్‌లో మీకు గ్రాఫిక్స్ కార్డ్ ఉన్న పీసీ ఉంది. పండక్కి రామారెడ్డి వచ్చారు, చేతిలో ఫోన్ ఒక్కటే ఉంది. ఆ పీసీలోని ఆటను ఈ ఫోన్‌లో ఆడొచ్చా? ఆడొచ్చు. అది కూడా ఫ్రీ సాఫ్ట్‌వేర్‌తోనే. ఇక్కడిదాకా రావడానికి పదేళ్లకు పైనే పట్టింది. ఆ కథంతా ఒక్క విషయం చుట్టూ తిరుగుతుంది: స్విచ్ ఎవరి చేతిలో ఉంది?

ముందు ఇది ఎలా పనిచేస్తుందో చూద్దాం. ఆట నడిచేది పీసీలోనే. పీసీ ఆ దృశ్యాన్ని వీడియోగా కుదించి, సాధారణంగా సెకనుకు 60 ఫ్రేములు ఫోన్‌కు పంపుతుంది. మీరు నొక్కిన బటన్ తిరిగి పీసీకి వెళ్తుంది. యూట్యూబ్ అయితే కొంత వీడియోను ముందే లోడ్ చేసి పెట్టుకుంటుంది. ఆటలో అది కుదరదు, మీరు ఎటు తిరుగుతారో ముందే తెలియదు కదా! అందుకే ఇక్కడ ప్రతి మిల్లీసెకనుకూ లెక్క ఉంటుంది.

ఇప్పుడు చరిత్రలోకి వద్దాం. 2010 జూన్‌లో అమెరికాలో ఆన్‌లైవ్ అనే సర్వీస్ మొదలైంది. పీసీ మీకు అక్కర్లేదు, మా సర్వర్లలో ఆడుకోండి అన్నారు. 2015 ఏప్రిల్ 30న అది మూతపడింది. డబ్బులు కట్టి అందులో కొన్న ఆటలు కూడా దాంతోపాటే పోయాయి.

ఈలోగా 2013లో ఎన్విడియా కంపెనీ షీల్డ్ అనే చేతి గేమింగ్ పరికరం తెచ్చింది. ఇంట్లో పీసీలో నడిచే ఆట అందులో కనిపిస్తుంది. కానీ కార్డూ వాళ్లదే ఉండాలి, పరికరమూ వాళ్లదే ఉండాలి. అప్పుడు అమెరికాలోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ యూనివర్సిటీ స్టూడెంట్లు కొందరు ఎంహ్యాక్స్ అనే హ్యాకథాన్‌లో ఒక పని మొదలుపెట్టారు. ఆ పీసీ, ఆ పరికరం ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకుంటున్నాయో కనిపెట్టి, మామూలు ఆండ్రాయిడ్ ఫోన్‌కు కూడా ఆట వచ్చేలా యాప్ రాశారు. మొదటి పేరు లైమ్‌లైట్, తర్వాత మూన్‌లైట్ అయింది. కోడ్ మొత్తం జీపీఎల్ లైసెన్స్‌తో అందరికీ ఇచ్చేశారు. ఎవరైనా చదవొచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు.

కానీ ఇది సగం స్వేచ్ఛే. ఫోన్‌ వైపు యాప్ మనది, పీసీ వైపు సాఫ్ట్‌వేర్ మాత్రం ఇంకా ఎన్విడియాదే.

తర్వాత పెద్దవాళ్లందరూ దిగారు. మన హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల సీఈఓగా ఉన్న మైక్రోసాఫ్ట్ 2018లో ఎక్స్‌క్లౌడ్ ప్రకటించింది. 2019 నవంబర్‌లో గూగుల్ స్టేడియా తెచ్చింది. అది మన దేశానికి రానేలేదు. 2023 జనవరి 18న మూసేశారు. ఆటలు కొన్నవాళ్లకు డబ్బులు వాపస్ ఇచ్చారు, అది మాత్రం ఒప్పుకోవాలి. దానికి ముందు నెలలోనే ఎన్విడియా కూడా చెప్పేసింది: ఫిబ్రవరి నుంచి ఆ ఫీచర్ తీసేస్తున్నాం అని.

లెక్క ప్రకారం మూన్‌లైట్ కథ అక్కడే అయిపోవాలి. అవలేదు. ఎందుకంటే అప్పటికే సన్‌షైన్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ తయారై ఉంది. ఎన్విడియా సాఫ్ట్‌వేర్ చేసే పనే ఇదీ చేస్తుంది, పైగా ఏఎండీ, ఇంటెల్ గ్రాఫిక్స్ మీద కూడా నడుస్తుంది. పేరు కూడా భలే కుదిరింది. చంద్రుడికి సొంత వెలుగు ఉండదు, సూర్యుడే ఇవ్వాలి. ఇక్కడా అంతే: సన్‌షైన్ పీసీలో, మూన్‌లైట్ ఫోన్‌లో. ఇప్పుడు రెండు వైపులా కోడ్ అందరిదీ. దాన్ని ఆపే స్విచ్ ఏ ఒక్క కంపెనీ దగ్గరా లేదు.

మరి మన ఊళ్లో నడుస్తుందా? దూరం పెద్ద సమస్య కాదు. ఫైబర్‌లో కాంతి ఒక్క మిల్లీసెకనులో దాదాపు 200 కిలోమీటర్లు పోతుంది, రామారెడ్డి నుంచి హైదరాబాద్ అంతకన్నా దగ్గరే. అసలు ఆలస్యం వైఫైలో, టవర్ దగ్గర, డేటా తిరిగి వచ్చే దారిలో ఉంటుంది. ఇంకో అడ్డంకి ఉంది. చాలా నెట్ కనెక్షన్లలో ఒకే పబ్లిక్ ఐపీ అడ్రస్‌ను ఎంతోమంది పంచుకుంటారు, కాబట్టి బయటి నుంచి నేరుగా మీ పీసీని చేరలేం. దానికి వైర్‌గార్డ్ మీద నడిచే టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్ పెట్టుకుంటారు.

డేటా సంగతి మాత్రం మర్చిపోకండి. 10 ఎంబీపీఎస్‌తో ఆడితే గంటకు నాలుగున్నర జీబీ అవుతుంది. రోజుకు 1.5 జీబీ ప్యాక్ 20 నిమిషాల్లో ఖతం! ఒకే ఇంట్లో పీసీ, ఫోన్ ఒకే వైఫై మీద ఉంటే ప్యాక్ ఏమీ ఖర్చు కాదు.

ఇంకో నిజం కూడా చెప్పాలి. సన్‌షైన్ ఆటను స్ట్రీమ్ చేసే దారిని మాత్రమే మన చేతికిచ్చింది. స్టీమ్‌లో కొన్న ఆట ఇప్పటికీ లైసెన్సే. పీసీ కొనడానికి డబ్బులు కావాలి, రూమ్‌లో కరెంటు పోతే ఆట ఆగుతుంది. అయినా ఆ పీసీని ఎప్పుడు ఆన్ చేయాలి, ఎప్పుడు ఆఫ్ చేయాలి అన్నది మీ ఇష్టం. ఆన్‌లైవ్‌లో ఆటలు కొన్నవాళ్లకు ఆ అవకాశం లేకుండా పోయింది.

ఈసారి ఏదైనా సర్వీస్‌కు డబ్బులు కట్టే ముందు ఒక్కటి అడగండి: రేపు వీళ్లు మూసేస్తే నా దగ్గర ఏం మిగులుతుంది? వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.