యురేనస్: పరిశోధన చరిత్ర

సూర్యుడి నుంచి ఏడో గ్రహం యురేనస్. మధ్యరేఖ దగ్గర దీని వ్యాసం సుమారు 51,100 కిలోమీటర్లు. సూర్యుణ్ణి ఒకసారి చుట్టి రావడానికి 84 ఏళ్లు పడుతుంది. బుధుడి నుంచి శని దాకా ఉన్న గ్రహాలను మనుషులు ప్రాచీన కాలం నుంచే ఎరుగుదురు. టెలిస్కోపు వచ్చాక కొత్తగా దొరికిన మొదటి గ్రహం మాత్రం ఇదే. దీని గురించి మనకు తెలిసిన ముఖ్యమైన సంగతులు చాలావరకు వేరే దేనికోసమో వెతుకుతున్నవాళ్ల కంట పడ్డవే.

చీకటి ఆకాశంలో, ఎక్కడ చూడాలో తెలిస్తే, మంచి చూపున్నవారికి యురేనస్ మామూలు కంటికే లీలగా కనిపిస్తుంది. నడక మరీ నెమ్మది కావడంతో దాన్ని నక్షత్రమే అనుకున్నారు. ఇంగ్లండుకు చెందిన జాన్ ఫ్లామ్‌స్టీడ్ 1690లో దీన్ని చూసి నమోదు చేశాడు. అది వృషభరాశిలో 34వ నక్షత్రంగా పట్టికలకెక్కింది. ఫ్రాన్సులో పియర్ లెమొన్యే 1750, 1769 మధ్య పలుమార్లు, వరుస రాత్రుల్లో కూడా చూశాడు. ఆ స్థానాలను పక్కపక్కన పెట్టి పోల్చుకుని ఉంటే ఆవిష్కర్తగా ఆయన పేరే నిలిచేది.

ఆ ఘనత విలియం హెర్షెల్‌కు దక్కింది. జర్మనీలోని హానోవర్ నుంచి వచ్చి, ఇంగ్లండులోని బాత్ పట్టణంలో చర్చి ఆర్గన్ వాయిస్తూ, సంగీత పాఠాలు చెప్పుకుంటూ బతికిన మనిషి ఆయన. టెలిస్కోపు అద్దాలను ఇంట్లో తానే సానపట్టుకునేవాడు. చెల్లెలు కరోలైన్ తోడుండేది. 1781 మార్చి 13 రాత్రి జంట నక్షత్రాల కోసం ఆకాశాన్ని గాలిస్తుండగా ఒక చుక్క బిందువులా కాక చిన్న బిళ్లలా కనబడింది. తోకచుక్క అనుకుని రాయల్ సొసైటీకి అలాగే తెలియజేశాడు. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఆండర్స్ లెక్సెల్ లెక్కకట్టి, అది శనికి ఆవల దాదాపు వృత్తాకార కక్ష్యలో తిరుగుతోందని చూపాడు. దాంతో మనుషులు ఎరిగిన సౌరకుటుంబం ఒక్కసారిగా రెండింతలైంది. హెర్షెల్ దానికి మూడో జార్జి రాజు పేరు పెట్టాడు. ఇతర దేశాలవారు దాన్ని ఒప్పుకోలేదు. జర్మన్ ఖగోళవేత్త యోహాన్ బోడే సూచించిన యురేనస్ అనే పేరే స్థిరపడింది.

కొన్ని దశాబ్దాలకు కొత్త చిక్కు వచ్చింది. గ్రహం లెక్కల ప్రకారం ఉండాల్సిన చోట ఉండడం లేదు. కనబడని మరో గ్రహం దీన్ని లాగుతోందని భావించి, ఫ్రాన్సులో లెవెరియే, ఇంగ్లండులో ఆడమ్స్ ఎవరికి వారుగా దాని చోటును గణించారు. 1846 సెప్టెంబరు 23న బెర్లిన్‌లో యోహాన్ గాలె లెవెరియే చెప్పిన దిక్కుగా టెలిస్కోపు తిప్పితే, ఒక డిగ్రీ తేడా కూడా లేకుండా నెప్ట్యూన్ దొరికింది.

యురేనస్ అక్షం సుమారు 98 డిగ్రీలు ఒరిగి ఉంటుంది. అంటే గ్రహం పక్కకు పడుకుని కక్ష్యలో దొర్లుతున్నట్టే లెక్క. అందుచేత ఒక్కో ధ్రువానికి దాదాపు 42 ఏళ్లు వెలుగు, 42 ఏళ్లు చీకటి. తొలినాళ్లలో భూమి అంత ప్రమాణం గల ఏదో పెద్ద పిండం ఢీకొనడం వల్లే ఇలా ఒరిగిందన్న ఊహకు బలం ఎక్కువ.

దీని చరిత్రలో భారతీయులు గుర్తుపెట్టుకోవలసిన రోజు 1977 మార్చి 10. ఆ రోజు యురేనస్ ఒక నక్షత్రానికి అడ్డు రాబోతోంది. నక్షత్ర కాంతి తగ్గే తీరును బట్టి గ్రహ వాతావరణాన్ని కొలవాలని జేమ్స్ ఎలియట్ బృందం టెలిస్కోపు అమర్చిన విమానంలో హిందూ మహాసముద్రం మీద ఎగిరింది. గ్రహం అడ్డు రాకముందే కాంతి కొన్నిసార్లు క్షణకాలం తగ్గింది. గ్రహం దాటిపోయాక అటువైపునా అలాగే జరిగింది. అదే వేళ తమిళనాడులోని కావలూరు వేధశాలలో జె.సి. భట్టాచార్య, కె. కుప్పుస్వామి ఒక మీటరు టెలిస్కోపుతో ఆ కాంతి తగ్గడాన్ని నమోదు చేశారు. మొదట ఇది ఉపగ్రహాల పని అనుకున్నారు. రెండు వైపులా ఒకే వరస ఉండడంతో అవి సన్నని వలయాలని రూఢి అయింది. శని ఒక్కదానికే వలయాలుంటాయన్న మూడు శతాబ్దాల నమ్మకం ఆ రోజుతో చెదిరిపోయింది. కావలూరు కేంద్రాన్ని నెలకొల్పిన వేణు బాప్పు హైదరాబాదు నిజాం కాలేజీలో చదివినవాడు. ఆయన తండ్రి నిజామియా వేధశాలలో పనిచేశారు. ఈ బంధాన్ని తెలుగువారు తగినంతగా చెప్పుకోలేదు. యురేనస్‌కు ఇప్పటికి 13 వలయాలు ఉన్నట్టు తెలుసు.

1986 జనవరి 24న వాయేజర్ 2 అంతరిక్ష నౌక యురేనస్ మేఘాల పైభాగానికి దాదాపు 81,500 కిలోమీటర్ల దూరంలో సాగిపోయింది. అయస్కాంత అక్షం భ్రమణాక్షానికి 59 డిగ్రీలు ఒరిగి, గ్రహ కేంద్రానికి బాగా పక్కగా ఉందని తేలింది. వాతావరణంలో సున్నాకు దిగువన 224 డిగ్రీల సెల్సియస్ కనిష్ఠం నమోదైంది. గ్రహాల వాతావరణాల్లో ఇంతకన్నా చలి మరెక్కడా కనబడలేదు. పైమేఘాల్లో హైడ్రోజన్ సల్ఫైడ్, అంటే కుళ్లిన గుడ్డు వాసన వాయువు, ఉందని భూమి మీది టెలిస్కోపు ద్వారా 2018లో నిర్ధారించారు.

వాయేజర్ కొలతలను 2024లో మళ్లీ తరచి చూసిన శాస్త్రవేత్తలు, నౌక చేరేసరికి బలమైన సౌరపవనం, అంటే సూర్యుడి నుంచి వెలువడే కణాల ప్రవాహం, గ్రహ అయస్కాంతగోళాన్ని కుదించివేసిందని తేల్చారు. అలాంటి స్థితి అక్కడ 4 శాతం సమయమే ఉంటుంది. ఆ ఒక్క సందర్శన మీదే ఇన్నాళ్లూ అంచనాలన్నీ నిలిచాయి. యురేనస్ చుట్టూ తిరిగే నౌకను పంపడమే రానున్న దశాబ్దంలో పెద్ద ప్రయోగాలకు మొదటి ప్రాధాన్యం కావాలని అమెరికా జాతీయ అకాడమీలు 2022లో సిఫారసు చేశాయి. వాయేజర్ 2 తరువాత ఇంతవరకు యురేనస్ దగ్గరికి మరే నౌకా వెళ్లలేదు.